ఆరు గడులు, ఒక టిక్కు

మధ్యాహ్నం 2:15.

భోజనం ముగించుకుని వచ్చిన అసిస్టెంటు గది తలుపు తీసింది. బల్ల మీద నీలి వెలుగు వెలుగుతూనే ఉంది. కుర్చీలో పెద్దాయన తల వాల్చి కూర్చున్నాడు.

"సార్, మీరింకా తినలేదా?"

జవాబు లేదు. దగ్గరికి వెళ్ళి చెయ్యి ముట్టుకుంది. చల్లగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ 2:50కి వచ్చాడు. డిపార్ట్‌మెంటులో ఆయనకు భూతద్దం అని పేరు. కిరాణా చీటీ చేతికిచ్చినా వెనక్కి తిప్పి చూసే రకం. ప్రతి కాగితాన్నీ మూడుసార్లు చదువుతాడు. ముఖ్యమైన మాటల మీద మార్కర్‌తో గీతలు గీస్తాడు. ఆ గీతలను చూసి నవ్వే ధైర్యం స్టేషన్లో ఒక్క హెడ్ కానిస్టేబుల్‌కే ఉంది.

అది ఒక మందుల కంపెనీ పరిశోధనశాల. మూడో అంతస్తు. చనిపోయినాయన రసాయన శాస్త్రవేత్త. వయసు అరవై ఒకటి. అందరూ వేడితో చేసే పనిని ఈయన ముప్పై ఏళ్ళుగా వెలుగుతో చేస్తున్నాడు. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఆయన లైటు మాస్టారు. రిటైరై ఏడు నెలలైంది. అయినా సలహాదారుగా వారానికి మూడు రోజులు వస్తూనే ఉన్నాడు.

బల్ల మీద ఒక గాజు గొట్టం. చుట్టూ వరసగా నీలి బల్బులు. లోపల ద్రవంలో బుడగలు లేస్తున్నాయి.

"ఇదేమిటమ్మా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"ఇందులో ఒక రంగు పదార్థం ఉంటుంది సార్. అది నీలి వెలుగును మింగి, పక్కనున్న అణువుకి ఎలక్ట్రాన్ ఇస్తుంది. ఆ ఊపుతో రెండు ముక్కలు అతుక్కుని కొత్త మందు అవుతుంది. పొయ్యి అక్కర్లేదు."

"లైటు ఆర్పితే?"

"ఎక్కడిదక్కడ ఆగిపోతుంది."

ఇన్‌స్పెక్టర్ జాబితా రాయించాడు. కళ్ళకు నారింజ రంగు అద్దాల గాగుల్స్, ఒకటి. చొక్కా జేబులో మడిచిన చదువుకునే కళ్ళజోడు, ఒకటి. చేతిలో నల్ల పెన్ను. నోటుబుక్కులో ఆఖరి వాక్యం రాసిన టైము 1:40. గోడ మీద ఒక నోటీసు కూడా కనిపించింది: "ఈ గదిలో పసుపు రంగు లేబుళ్ళు వాడరాదు."

"పసుపు వీళ్ళకి అచ్చిరాదేమో సార్," అన్నాడు హెడ్డు.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. ఆ నోటీసును జాబితాలోకి ఎక్కించనూ లేదు. ఆయన చదివి వదిలేసిన కాగితం సర్వీసు మొత్తం మీద బహుశా అదొక్కటే.

డాక్టర్ రిపోర్టు సాయంత్రానికి వచ్చింది. గుండెపోటు. 5:30కి సహజ మరణం అని రాసి ఫైలు మూసేశారు.

ఇరవై మూడు రోజుల తర్వాత లైటు మాస్టారి భార్య స్టేషన్‌కి వచ్చింది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. దర్జీ పని చేస్తుంది. వీధిలో సగం మంది ఆమె కుట్టిన బట్టలే వేసుకుంటారు. కుడి బొటనవేలికి చిన్న పట్టీ కట్టి ఉంది. చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"ఆయన పోవడంలో నాకు అనుమానం లేదు బాబూ. ఆయన నాకు వదిలి వెళ్ళినదాన్ని ఎవరో కాజేశారు. అది పట్టిస్తారా?"

"ఏం కాజేశారమ్మా?"

"నా బతుకుతెరువు."

ఆమె చెప్పింది. ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు.

రిటైరైనప్పుడు మాస్టారికి ఒక పెద్ద మొత్తం వచ్చింది. దాన్ని ఏం చేయాలని మొగుడూ పెళ్ళాలు మూడు వారాలు తర్జనభర్జన పడ్డారు. షేర్లంటే ఆమెకు భయం. బ్యాంకు వడ్డీ ఏటేటా తగ్గుతోందని ఆయనకు బెంగ. పిల్లలు లేరు. ఉంటున్నది అద్దె ఇల్లు. చివరికి మొత్తం సొమ్మును ఒక పెన్షన్ కంపెనీకి ఇచ్చేశారు. దానికి బదులు బతికినంతకాలం నెలనెలా డబ్బు వస్తుంది. దాన్నే యాన్యుటీ అంటారు.

"ఫారంలో ఆరు గడులుంటాయి బాబూ. మొదటి గడిలో టిక్కు పెడితే నెలకి నలభై ఒక్క వేలు. కానీ ఆయన ఉన్నంతవరకే. నాలుగో గడిలో పెడితే ముప్పై ఆరే. కానీ ఆయన తర్వాత నేను పోయేదాకా నాకు వస్తుంది. అయిదు వేలు తగ్గితే తగ్గనీ, నువ్వుండాలి కదా అన్నారాయన. నాలుగోదే అనుకున్నాం."

"ఇప్పుడు?"

"మొదటి గడిలో టిక్కు ఉందంటున్నారు. ఇంకేమీ రాదంటున్నారు."

"ఆ ఫారం ఎవరెవరి చేతుల్లోంచి వెళ్ళింది?"

"నేను ఆయనకిచ్చాను. ఆయన ల్యాబ్‌కి తీసుకెళ్ళారు. అక్కడ అసిస్టెంటు అమ్మాయి సాక్షి సంతకం పెట్టింది. మా తమ్ముడు వెళ్ళి తెచ్చుకున్నాడు."

"మీ తమ్ముడా?"

"పిన్ని కొడుకు. ఆ కంపెనీకే ఏజెంటు పని చేస్తాడు. వాణ్ణి చదివించింది నేనే."

హెడ్డు, ఇన్‌స్పెక్టర్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కంచే చేను మేసిన కేసులు వాళ్ళకి కొత్త కాదు.

"మీ చేతికేమైందమ్మా?"

"కీలు అరిగిపోయింది. మిషను తొక్కగలను గానీ కత్తెర పట్టలేకపోతున్నాను. ఈ డబ్బొస్తుందిగా అని కొత్త పని ఒప్పుకోవడం మానేశాను."

పెన్షన్ కంపెనీ ఆఫీసులో క్లెయిమ్స్ ఆఫీసరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. ఫారం కాపీ చూపించాడు. నలుపు తెలుపు స్కాను. ఆరు వరసలు, చీమ తలకాయంత అక్షరాలు, వరస చివర ఒక గడి. మొదటి గడిలో టిక్కు. ఆ గడి చుట్టూ ఎవరో పెన్నుతో గీసిన సున్నా.

"ఈ సున్నా ఎవరిది?"

"మాకు తెలియదు. మేం టిక్కే చూస్తాం."

"ఒరిజినల్?"

"హెడ్డాఫీసు గోడౌన్లో ఉంటుంది. తెప్పించడానికి ఎనిమిది రోజులు పడుతుంది."

"ఎవరో టిక్కు మార్చారని తేలితే?"

"మోసమని మీరు రాసివ్వండి. ఒప్పందం రద్దు చేసి ఆవిడకి కొత్తగా రాస్తాం. మాకేం అభ్యంతరం లేదు."

"అదే పొరపాటని తేలితే?"

ఆఫీసరు కప్పు కింద పెట్టాడు. "బాండు చేతికందాక ముప్పై రోజులు గడువిచ్చాం. అప్పుడు ఒక్క ఉత్తరం రాస్తే చాలు, మార్చేవాళ్ళం. ఆ గడువు ముగిసి నాలుగు నెలలు దాటింది. ఇప్పుడు మా చైర్మన్ చెప్పినా మార్చడం కుదరదు సార్."

కాబట్టి ఇన్‌స్పెక్టర్‌కి ఒక దొంగ కావాలి. దొంగ దొరికితే ఆ తల్లికి అన్నం దొరుకుతుంది. దొంగను పట్టుకోవాలని ఆయన ఎప్పుడూ అనుకునేవాడే, కానీ ఒక దొంగ ఉంటే బాగుండునని అనుకోవడం ఇదే మొదలు.

ఏజెంటును మధ్యాహ్నం 3 గంటలకు స్టేషన్‌కి పిలిపించాడు.

నలభై ఏళ్ళ మనిషి. గుమ్మడికాయ దొంగ ఎవరనకముందే భుజాలు తడుముకుంటున్నాడు.

"ఈ సున్నా నీదేనా?"

"నాదే సార్."

"టిక్కు ఎక్కడ పెట్టాలో చూపించావన్నమాట."

"కాదు సార్. ఎక్కడ పెట్టకూడదో చూపించాను. ఆ రోజు అక్క ఒక్కతే ఇంట్లో ఉంది. ఇది చూడ్డానికి పెద్ద అంకె, దీనికి పడిపోవద్దు, బావ తర్వాత నీకు చిల్లిగవ్వ రాదు అని చెప్పి చుట్టూ గీశాను."

"నమ్మమంటావా?"

"ఏ గడిలో పెట్టినా నా కమిషన్ ఒకటే సార్. కావాలంటే కంపెనీని అడగండి."

"ఫారం ఎప్పుడు తీసుకున్నావు?"

"పద్నాలుగో తారీఖు. పాత రేటుకు అదే ఆఖరి రోజు. ల్యాబ్‌కి వెళ్ళాను. నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ అమ్మాయి అంటించిన కవరు తెచ్చి చేతిలో పెట్టింది."

"తెరిచి చూశావా?"

ఏజెంటు నేల చూశాడు. "లేదు సార్. అక్క దగ్గరుండి చూసుకుంది కదా అనుకున్నాను. నేరుగా తీసుకెళ్ళి ఇచ్చేశాను. చూడాల్సింది. అదొక్కటే నా తప్పు."

"అదొక్కటేనా అనేది నేను తేలుస్తాను."

ల్యాబ్ గేటు రిజిస్టరు తెప్పించాడు. ఏజెంటు వచ్చింది 11:20కి. వెళ్ళింది 11:32కి. కంపెనీ కౌంటరులో కవరు అందింది 11:58కి. దారి ఇరవై అయిదు నిమిషాలు. మధ్యలో ఆగి, అంటించిన కవరు విప్పి, టిక్కు మార్చి, మళ్ళీ అంటించేంత వ్యవధి లేదు. కమిషన్ సంగతి కూడా నిజమే. ఇన్‌స్పెక్టర్‌కి ఇవేవీ నచ్చలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి కాదు కాబట్టి ఒప్పుకున్నాడు.

మాస్టారి భార్య తెచ్చిన బ్యాంకు పాస్‌బుక్ చూశాడు. అయిదు నెలలు, నెలకు నలభై ఒక్క వేలు పడ్డాయి.

"ముప్పై ఆరు రావాల్సింది నలభై ఒకటి వస్తే మీకు అనుమానం రాలేదా అమ్మా?"

"ఆయన అన్నారు బాబూ, ఎక్కువ వేశారేమిటని. రేటు పెరిగిందేమోనన్నాను. తక్కువైతే పరుగెత్తుకెళ్ళేవాళ్ళం. ఎక్కువొస్తే ఎవరు అడుగుతారు?"

"బాండు వచ్చినప్పుడు చదవలేదా?"

"పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూశాను. బీరువాలో పెట్టి తాళం వేశాను. దొంగలెత్తుకుపోతారని భయం."

ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు.

ఎనిమిదో రోజున ఒరిజినల్ వచ్చింది. చేతిరాత నిపుణుడికి చూపించాక మాస్టారి భార్యను పిలిపించాడు. క్లెయిమ్స్ ఆఫీసరు కూడా వచ్చాడు.

స్కానులో లేనిది ఒకటి ఒరిజినల్‌లో ఉంది. నాలుగో గడి మీద మందంగా పసుపు గుర్తు.

"ఇది నాదే," అంది ఆమె. "బట్టల మీద గీసే మైనం పెన్సిల్. వాడు నీలం పెన్నుతో గీశాడు కదా, దాంతో కలిసిపోకూడదని పసుపు తీసుకున్నాను. రేపొద్దున గుర్తు పెట్టిన చోట టిక్కు పెట్టండి, మీరు మళ్ళీ ఆలోచించి పాడుచేయకండి అని చెప్పి బ్యాగులో పెట్టాను."

"ఆయన ఇంట్లో ఫారం చూశారా?"

"ఆయన ఇంటి కాగితం ఏదీ చూడరు. నువ్వు గీస్తే నేను కత్తిరిస్తానంటారు. మా ఇంట్లో పద్ధతే అంత."

నిపుణుడి రిపోర్టు కూడా జతగా ఉంది. టిక్కు, సంతకం ఒకే నల్ల పెన్ను. ఒకే చెయ్యి. చెరిపిన జాడ లేదు. దిద్దిన జాడ లేదు. టిక్కు పెట్టింది లైటు మాస్టారే.

క్లెయిమ్స్ ఆఫీసరు గొంతు తగ్గించాడు. "ఇంత పసుపు గుర్తు కళ్ళెదుట ఉండగా మొదటి గడిలో పెట్టారంటే తెలిసే పెట్టారనుకోవాలి. మా సర్వీసులో చూస్తుంటాం సార్. కొంతమంది భార్యతో ఒకటి చెప్తారు, ఫారంలో ఇంకోటి రాస్తారు."

ఆమె కాగితాన్ని చాలాసేపు చూసింది. వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగింది.

"ఎందుకలా చేసుంటారు బాబూ?"

 ముప్పై నాలుగేళ్ళ కాపురాన్ని ఒక్క టిక్కు సందేహంలో పడేసింది. డబ్బు పోయిన మనిషికి ధైర్యం చెప్పడం ఇన్‌స్పెక్టర్‌కి కొంత తెలుసు. దీనికేం చెప్పాలో తెలియలేదు.

మర్నాడు ఉదయం 10:10కి ల్యాబ్‌కి వెళ్ళాడు. వెంట హెడ్డు. చంకలో కేసు ఫైలు.

"గాగుల్స్ పెట్టుకోండి సార్. నీలి వెలుగు సూటిగా పడితే కళ్ళు పాడవుతాయి," అంది అసిస్టెంటు.

ఇన్‌స్పెక్టర్ తన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. అది ఉంటే గాగుల్స్ ముఖానికి అతకవు. నారింజ అద్దాల్లోంచి గదంతా సాయంకాలపు ఎండ పడ్డట్టు కనిపించింది.

"పద్నాలుగో తారీఖు ఉదయం ఏం చేస్తున్నారు?"

ఆమె నోటుబుక్కు తీసింది. "పది గంటల నుంచి ప్రతి పది నిమిషాలకీ మూత తీసి ఒక మోతాదు వేయాలి. 11:10, 11:20, 11:30. అన్నీ సార్ చేతిరాతే. ఒక్కటి తప్పినా మొత్తం పారబోయాలి."

"మధ్యలో బయటికి వెళ్ళలేదా?"

"లేదు. 11:20 మోతాదు వేశాక ఇక్కడే బల్ల మీద సంతకం పెట్టారు. నేనూ పెట్టాను. కవర్లో పెట్టి అంటించి బయట ఆయనకిచ్చాను."

"గాగుల్స్?"

"ఇద్దరికీ ఉన్నాయి."

ఇన్‌స్పెక్టర్ తన ఫైలు తెరిచాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు.

"ఇదేం ఫైలు తెచ్చావయ్యా? నేను గీతలు గీసిన కాపీ కాదిది."

"అదే సార్. నా చేత్తో తీశాను."

"గీతలేవీ?"

హెడ్డు గుమ్మం బయట ఉన్నాడు. అతనికి గాగుల్స్ లేవు. తల లోపలికి పెట్టి ఫైలు వంక చూశాడు. "అన్నీ ఉన్నాయి కదా సార్. సగం కాగితం పసుపే."

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాటి వచ్చి గాగుల్స్ పైకెత్తాడు. పసుపు గీతలు. దించాడు. గీతల్లేని కాగితం. మళ్ళీ ఎత్తాడు.

గోడ మీద నోటీసు వైపు చూశాడు.

"ఈ నోటీసు ఎవరు రాశారమ్మా?"

"సారే రాశారు. ఈ అద్దాలు నీలాన్ని ఆపేస్తాయి సార్. తెల్ల కాగితం కూడా పసుపుగా కనిపిస్తుంది. దాని మీద పసుపు ఉన్నా లేనట్టే. ఒకసారి పసుపు లేబుల్ ఉన్న సీసాను మామూలు సీసా అనుకుని..." ఆమె ఆగిపోయింది. "ఎందుకు సార్?"

 కేసు తేలిపోయిందని తెలిసిన క్షణాన ఏ పోలీసుకైనా లోపల ఒక చిన్న సంతోషం పుడుతుంది. ఇన్‌స్పెక్టర్‌కి పుట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాడు.

శుక్రవారం ఉదయం 10:30కి అందరినీ ఆ గదికే పిలిపించాడు. మాస్టారి భార్య, ఏజెంటు, అసిస్టెంటు, క్లెయిమ్స్ ఆఫీసరు, హెడ్డు. నీలి బల్బులు ఆర్పించాడు. బల్ల మీద ఒరిజినల్ ఫారం పెట్టాడు.

"ఈ కేసులో ముగ్గురు మనుషులున్నారు. ముగ్గురూ ఒకే పని చేయాలనుకున్నారు. ఈ తల్లికి లోటు రాకూడదని."

ఇన్‌స్పెక్టర్ ఫారం మీద వేలు పెట్టాడు.

"ఏజెంటు మొదటి గడి చుట్టూ నీలం సున్నా గీశాడు, దాని జోలికి పోవద్దని. ఈమె నాలుగో గడి మీద పసుపు పెట్టింది, ఇక్కడే టిక్కు పెట్టమని. మాస్టారు భార్య మాట ప్రకారం గుర్తు కోసం వెతికాడు. అప్పుడు టైము 11:20 దాటింది. 11:30కి ఇంకో మోతాదు వేయాలి. బయట ఏజెంటు నిలబడ్డాడు. రేటుకు అదే ఆఖరి రోజు."

గాగుల్స్ తీసి ఆఫీసరు చేతికిచ్చాడు. "పెట్టుకుని ఫారం చూడండి."

ఆఫీసరు చూశాడు. పైకెత్తి చూశాడు. మళ్ళీ దించి చూశాడు.

"పసుపు..."

"కనిపించదు. నీలం నల్లగా, ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కాగితం మొత్తం మీద ఉన్న గుర్తు అదొక్కటే."

"చదవొచ్చు కదా సార్?" అన్నాడు ఆఫీసరు. "ఆయన చదువుకున్న మనిషి."

"ఆయన పోయిన రోజు నేను రాయించిన జాబితా ఉంది. గాగుల్స్ కళ్ళకు, చదువుకునే కళ్ళజోడు జేబులో. రెండూ ఒకేసారి పెట్టుకోవడం కుదరదు. నోటుబుక్కులో ఆయన అక్షరాలు చూడండి, వేలెడంత ఉంటాయి. మీ ఫారంలో అక్షరాలు చీమ తలకాయంత. ఆయనకి కనిపించింది ఆరు గడులు, ఒక గుర్తు. గుర్తున్న చోట టిక్కు పెట్టాడు."

ఏజెంటు గోడకి చేరగిలబడ్డాడు. అసిస్టెంటు ఏడుస్తోంది. "నోటీసు రాసింది ఆయనే సార్," అంది.

"గుర్తు ఏ రంగో ఆయనకి ఎవరూ చెప్పలేదమ్మా. తెలిస్తే అద్దాలు తీసేవాడు."

మాస్టారి భార్య గాగుల్స్ అడిగి తీసుకుంది. పెట్టుకుంది. ఫారం ఎత్తి పట్టుకుంది.

"అయితే ఆయన నా మాట వినే పెట్టారన్నమాట."

"అవునమ్మా. మీ మాట వినే."

ఆమె ముఖం మీద ఒక్క క్షణం ఎంతో తేలిక కనిపించింది. తర్వాత అది పోయింది. గాగుల్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఎరుపు పెన్సిల్ కూడా అదే డబ్బాలో ఉంది బాబూ."



క్లెయిమ్స్ ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "అయితే మోసం లేదు సార్."

"లేదు."

"నేను పైకి రాస్తాను. ఇదంతా వివరంగా రాస్తాను. పదిహేను రోజుల్లో జవాబొస్తుంది." ఆ జవాబేమిటో అతనికి తెలుసని అతని ముఖమే చెబుతోంది. ఫోను చేసుకోవాలని బయటికి వెళ్ళాడు. అక్కడ నిలబడటం అతనికీ కష్టంగానే ఉంది.

తలుపు మూసుకోగానే ఏజెంటు ముందుకొచ్చాడు.

"సార్, నేనే మార్చానని రాసుకోండి."

"ఏమిటి?"

"టిక్కు నేనే మార్చాను. మోసమని రాయండి. నన్ను లోపలెయ్యండి. అక్కకి డబ్బొస్తుంది కదా."

"నిపుణుడి రిపోర్టు ఏం చేస్తావయ్యా?" అన్నాడు హెడ్డు. గొంతులో వెటకారం లేదు.

"బావని మోసం చేసి ఆయన చేతే పెట్టించానని రాయండి. ఇక్కడే పెట్టు బావా అని సున్నా గీసి చూపించానని రాయండి. నేను ఒప్పుకుంటే కాదనేదెవరు?"

నిజమే, కాదనేవాళ్ళు లేరు. సున్నా అతనిదే. అతను ఒప్పుకుంటే కోర్టు ఒప్పుకుంటుంది, కంపెనీ ఒప్పుకుంటుంది. ఇన్‌స్పెక్టర్ ఇరవై ఆరేళ్ళ సర్వీసులో తప్పుడు కేసు ఒక్కటీ రాయలేదు. ఇప్పుడు కాగితం ముందుంది, పెన్ను చేతిలో ఉంది. రాయనని చెప్పడానికి నోరు రాలేదు. గోడ గడియారంలో ముల్లు కదులుతోంది. 10:52. 10:53. మింగలేక కక్కలేక అలాగే నిలబడ్డాడు.

"కూర్చోరా," అంది మాస్టారి భార్య.

"అక్కా..."

"నువ్వు లోపలికెళ్తే నీ ఇద్దరు ఆడపిల్లలకి ఎవరు పెడతారు? వాళ్ళని కూడా నేనే చదివించాలా?"

"నావల్లే కదక్కా ఇదంతా. నేను ఆ కవరు తెరిచి ఉంటే..."

"నేను బాండు తెరిచి ఉంటే. ఆయన అద్దాలు తీసి ఉంటే. ఎన్నని లెక్కపెడతావు? కూర్చో."

అతను కూర్చున్నాడు. చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆమె లేచి అతని పక్కన నిలబడి వీపు మీద చెయ్యి వేసింది.

"మీరు ఉన్నదే రాయండి బాబూ. ఆయన పేరు మీద అబద్ధం వద్దు."

ఇన్‌స్పెక్టర్ రాశాడు. టిక్కు పెట్టినది పాలసీదారే. మోసం, ఫోర్జరీ ఆధారాలు లేవు. పొరపాటు. ఆ మాట దగ్గర కాసేపు ఆగాడు. ఎవరి పొరపాటో రాయడానికి ఫారంలో ఒక ఖాళీ ఉంది. దాన్ని ఖాళీగానే వదిలేశాడు.

ఆమె సంతకం పెట్టడానికి పెన్ను తీసుకుంది. బొటనవేలు వంగలేదు. పెన్నును రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని మెల్లగా రాసింది. 11:10కి కేసు ముగిసింది. ఇంత కచ్చితంగా తేలిన కేసు తన సర్వీసులో ఇంకోటి లేదనీ, దాంతో ఎవరికీ పావలా ఉపయోగం లేదనీ ఇన్‌స్పెక్టర్‌కి తెలుసు. సిగ్గుగా అనిపించింది.

మెట్ల దాకా ఆమెతో నడిచాడు. ఏదో ఒకటి చెప్పాలి. 

ఆమే అడిగింది. "మీ స్టేషన్లో యూనిఫాంలు ఎవరు కుడతారు బాబూ?"

యూనిఫాంలు హెడ్డాఫీసు నుంచి వస్తాయి. మూడేళ్ళకోసారి టెండరు. కొలతలు కూడా ఎవరూ తీసుకోరు, నంబరు చెప్పాలి అంతే. ఇన్‌స్పెక్టర్‌కి ఆ సంగతి తెలుసు. వెనక నిలబడ్డ హెడ్డుకీ తెలుసు.

"కనుక్కుంటానమ్మా," అన్నాడు.

"కొంచెం తొందరగా కనుక్కోండి. ఈ చెయ్యి ఇంకో రెండేళ్ళు పనిచేస్తుందన్నాడు డాక్టరు."